మూడు కార్డులూ, ఒక ప్లగ్గూ

కార్డుల మీద డబ్బు పెట్టానని నేను చెప్పగానే మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక్కసారి నిశ్శబ్దం ఆవరించింది. పాతికేళ్ళుగా పద్యం చెప్పుకుని బ్రతుకుతున్న తెలుగు మాస్టరు, ఇద్దరు పిల్లల తండ్రి, మూడు ముక్కలాటలోకి దిగాడేమిటా అని అందరూ నా మొహంలోకి చూశారు. లెక్కల మాస్టారైతే నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో తెలుసాండీ?" అని గొంతు తగ్గించి అడిగారు.

తెలియకేం! ఆ డబ్బు మా ఆవిడ చీటీ పాడుకున్నదే. జూన్‌లో మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలని దాచింది. అయితే ఆ కార్డులు పేకముక్కలు కావు. కంప్యూటరులో బిగించే గ్రాఫిక్స్ కార్డులు. ఒక్కొక్కటీ ఇటుక కన్న పొడుగూ, ఇంచుమించు అంత బరువూను. జూదం మాత్రం రెండింట్లోనూ ఉందని తరవాత తెలిసింది.

మా చెల్లాయి కొడుకు ఫిలింనగర్‌లో ఉంటాడు. జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు దాటి, బండరాళ్ళ మధ్య మెలికలు తిరిగే రోడ్డెక్కి, దైవసన్నిధానం గుడి దాటాక ఒక సందులో రెండు గదుల వాటా. చెల్లాయీ, వాడూ ఆ వాటాలో. ఇంటివారు పై అంతస్తులో. ఫిలింనగర్ అంటే అందరి ఇంటి ముందూ పెద్ద కార్లుంటాయని దూరపువాళ్ళు అనుకుంటారు. తారలుండే వీధి వెనక్కి వెళ్ళి చూస్తే, తారలను తారలుగా నిలబెట్టే లైటు బాయిలూ, మేకప్‌మెన్లూ, ఎడిటర్లూ, మా వాడిలాంటి కంప్యూటరు బొమ్మల కుర్రాళ్ళూ ఇరుకు గదుల్లో కాపురముంటారు.

మా నాన్నగారి తరం వాళ్ళకు సినిమా మాయ అంటే 1957లో వచ్చిన 'మాయాబజార్'. కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమేరా. ఆ మాయంతా మద్రాసులో కెమేరా కంటితో చేసింది. తరవాత పరిశ్రమ హైదరాబాదుకు తరలివచ్చింది. 1970లలో అక్కినేనివారి అన్నపూర్ణా స్టూడియో ఈ రాళ్ళ మధ్య వెలిసింది. కాలక్రమాన మాయ కెమేరాలోంచి కంప్యూటరులోకి మారింది. 2012లో వచ్చిన 'ఈగ'కు స్పెషల్ ఎఫెక్టుల జాతీయ బహుమతి హైదరాబాదు సంస్థ మకుటకే దక్కింది. హీరోయే ఈగ, ఆ ఈగను పుట్టించినది కంప్యూటరు.

అవధాని, బడిపిల్లలు

కంప్యూటరులో ఇదివరకే ఒక మెదడుండగా మళ్ళీ ఈ కార్డెందుకని మావాణ్ణి అడిగాను. "మావయ్యా, నీకు అర్థమయ్యేలా చెబుతాను, ఉండు. ప్రాసెసరు మీ అవధానిలాంటిది. ఏ పృచ్ఛకుడు ఎంత చిక్కు ప్రశ్న వేసినా విప్పుతుంది. కాని ఒకేసారి ఎనిమిదిమందికో, పదహారుమందికో మాత్రమే జవాబు చెప్పగలదు. ఈ కార్డు పెద్ద బడి. అందులో పిల్లలు పద్యం చెప్పలేరు. కాని అందరూ ఒక్క గంటకే తలో కూడికా చేసి పెడతారు."

ఎందరు పిల్లలన్నాను. వాడి దగ్గరున్న ఆర్‌టీఎక్స్ 3090 అనే రకంలో 10,496 మందట!

అంతమందికీ పనేమిటంటే, సినిమాకు సెకనుకు 24 బొమ్మలు కావాలి. ఒక్కొక్క బొమ్మా 2,048 చుక్కల వెడల్పూ, 1,080 చుక్కల ఎత్తూ గల ముగ్గు. అంటే 22 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కొక్క చుక్క మీద ఎంత వెలుగు పడాలో, అది నీటి మీంచి వచ్చిందో, రాతి గోడ మీంచి వచ్చిందో, వందల కిరణాలు పంపి లెక్క కట్టాలి. దీన్నే రెండరింగు అంటారు.

అది 2023 మే నెల. మావాడు ఉద్యోగం మానేసి సొంతంగా తీసుకున్న మొదటి కాంట్రాక్టు. వరద నీరు కోనేటిమెట్లను ముంచెత్తే దృశ్యం. నిడివి 12 సెకన్లు. పన్నెండు ఇరవైనాలుగులు 288 బొమ్మలు. ఒక కార్డు ఒక బొమ్మ తయారుచేయడానికి 25 నిమిషాలు పడుతుంది. సోమవారం ఉదయం పది గంటలకు బొమ్మలు అప్పగిస్తే డబ్బు, లేకపోతే పని మరొకరికి.

శుక్రవారం సాయంత్రం ఆరుకు మొదలుపెడితే చేతిలో 64 గంటలు. వాడి దగ్గరున్న రెండు కార్డులతో 60 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, ఒక బొమ్మ చెడినా గడువు దాటినట్టే. మూడో కార్డుంటే 40 గంటలే. మొదటి రెండింటికీ చెల్లాయి గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. మూడోది మా ఇంటి చీటీ. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి, సెకండ్‌హాండుది కొని, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చాను.

ఇల్లు ఇరుకు, చుట్టాలు ముగ్గురు

తీరా తెచ్చాక అది పట్టదు! మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే చోట్లు ఏడు వరసలుంటాయి. ఒక్కొక్క కార్డు మూడు వరసల మందం. రెండు పెట్టేసరికి ఆరు వరసలు నిండాయి. రెండింటికీ మధ్య గాలికి సందు లేదు. మూడోదాన్ని బల్లపరుపు కేబులొకటి తగిలించి పెట్టె బయట, ఇనప చట్రం మీద కూర్చోబెట్టాడు.

"బయట కూర్చున్నదానికి అన్యాయం జరగదూ?" అన్నాను. బోర్డు మీద దారులు కూడా పంపకమేనట. ప్రాసెసరు నుంచి వచ్చే 16 దారులనూ మొదటి రెండు కార్డులూ చెరో ఎనిమిదీ పంచుకుంటాయి. మూడోదానికి మరోవైపు నుంచి నాలుగే దొరుకుతాయి. ఆటలాడేవాళ్ళకు ఇది లోటేగాని రెండరింగుకు అంత బాధ లేదు. సామానంతా ఒకసారి లోపలికి దింపేశాక కార్డు తలుపు వేసుకుని తన పని తాను చేసుకుంటుంది.

ఒకప్పుడు రెండు కార్డులను జోడించి ఒకే బొమ్మను చెరిసగం గీయించేవారు. 1998లో ఉడూ 2 అనే కార్డులతో అది పేరు తెచ్చుకుంది. 2004లో ఎన్విడియావారు ఆ పద్ధతిని మళ్ళీ తెచ్చారు. ఆటల్లో ఇప్పుడు దాని ఊసు పోయింది. మావాడి పద్ధతిలో జోడింపు లేదు. ఏ కార్డు బొమ్మ దానిదే. అందుకే ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ఒక్కొక్క కార్డుకూ 24 గిగాబైట్ల జ్ఞాపకముంటే మూడింటికీ కలిపి 72 అనుకోకూడదు. సోలెడు గిన్నెలు మూడున్నంత మాత్రాన మూడు సోలల అన్నం ఒక గిన్నెలో ఉడకదు గదా!

రాత్రి పదకొండున్నర

మూడు కార్డులకు సరిపడా 1,600 వాట్ల పవర్ సప్లయి కూడా వాడు తెచ్చాడు. దాని తాడుకు లావుపాటి మూడు కాళ్ళ ప్లగ్గుంది. గదిలో ఉన్నవన్నీ చిన్న సాకెట్లు. మావాడు మధ్యన ఒక కన్వర్టరు తగిలించి, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చాడు. అదే బోర్డులో రెండు మానిటర్లు, ఒక కూలరు. సరిగ్గా ఆరు గంటలకు మూడూ బయలుదేరాయి. గది కొలిమి అయింది. రాత్రి చెల్లాయి పెట్టిన పెరుగన్నం తిని, నేను వాకిట్లో మంచం వాల్చుకున్నాను.

పదకొండున్నరకు కమురు వాసన వేసింది. లేచి చూస్తే కన్వర్టరు నల్లబడి, బోర్డు ప్లాస్టిక్కు మైనంలా వంగింది. మెయిన్ ఆపేశాను.

వాడు ఒక్క క్షణం తల పట్టుకుని, వెంటనే మరో ఎక్స్‌టెన్షన్ బోర్డు తీశాడు. వద్దన్నాను. "పోనీ, గీజరు సాకెట్టు పెద్దదే. బాత్‌రూములోంచి తాడు లాగుతాను" అన్నాడు. అదసలే వద్దన్నాను. "మావయ్యా, నీకు తెలియదు. గంట పోతే ఏడు బొమ్మలు పోయినట్టు!" అంటూ వాడు మొదటిసారి నా మీద గొంతు పెంచాడు. పైన ఇంటివారి పసిపిల్లలు నిద్రపోతున్నారు. చెల్లాయి గుమ్మం పట్టుకుని నిలబడింది. గాజులు లేని దాని చేతుల వంక చూస్తే నాకూ గుండె ఆగినంత పనయింది. అయినా, "కొంప అంటుకుంటే ఏ బొమ్మలు అప్పజెబుతావురా? తెల్లవారనీ" అన్నాను.

ఆ రాత్రి ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. మూడు కార్డులకు తలా 350 చొప్పున 1,050 వాట్లు. ప్రాసెసరూ వగైరా 250. సప్లయిలో వేడిగా పోయేది పదో వంతు. మానిటర్లూ, కూలరూ కలిపితే దరిదాపు 1,700. మన ఇళ్ళలో 230 వోల్టులు. చిన్న సాకెట్టు ఓర్చుకునేది 6 ఆంపియర్లు, అంటే 1,380 వాట్లు. మేము మోయించింది ఏడుకు పైగా. మెయిన్ బోర్డులో బ్రేకరు 10 ఆంపియర్లది. దాని లెక్కకు అది తప్పు కాదు గనక పడిపోలేదు. నలిగింది మధ్యనున్న బక్క కన్వర్టరు. ప్లగ్గు లావుగా ఉండి చిన్న రంధ్రంలో పట్టలేదంటే, పట్టకూడదనే అల్లా చేశారన్నమాట! ఆ సంగతి మేము ఆలస్యంగా గ్రహించాం.

అదృష్టమల్లా ఒక్కటే. పూర్తయిన 39 బొమ్మలూ విడివిడిగా భద్రపడ్డాయి. మిగిలినవి 249.

శనివారం పొద్దున ఇంటివారి అనుమతి అడిగి, ఎలక్ట్రీషియన్ను పిలిచి, మీటరు దగ్గర నుంచి విడిగా తీగ లాగించి, ఎర్తింగుతో 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించాం. అయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు. ఇక రెండు కార్డులతోనే అయితే 52 గంటలు. సోమవారం సాయంత్రం నాలుగవుతుంది, గడువు దాటిపోతుంది. మూడూ పూర్తి వేగంతో నడిస్తే ఆదివారం రాత్రికే అయిపోతుంది. కాని లోపలున్న కార్డు 83 డిగ్రీలకు చేరి తనంతట తనే మందగిస్తోంది.

"దీని ఆకలి కాస్త తగ్గించకూడదూ?" అని అమాయకంగా అడిగాను. వాడు నవ్వాడు. తగ్గించవచ్చునట! ఒక్కొక్కదాన్నీ 350 నుంచి 280 వాట్లకు దించాడు. తిండి ఐదో వంతు తగ్గింది. పని మాత్రం 25 నిమిషాల నుంచి 28కి పెరిగిందంతే. లెక్క కడితే 39 గంటలు, అంటే సోమవారం తెల్లవారుజామున మూడు. ఏడు గంటల వ్యవధి మిగులుతుంది. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అన్నారా! పెట్టె పక్కమూత తీసేసి, కూలరుకు వేరే సాకెట్టు చూపించి, కిటికీలు బార్లా తెరిచాం.

సోమవారం మూడుంబావుకు చివరి బొమ్మ వచ్చింది. వాడు 288నూ వరసగా ఆడించి చూపించాడు. నీళ్ళు మెట్లెక్కి వచ్చాయి. పన్నెండు సెకన్లలో అయిపోయింది. "అంతేనా?" అన్నది చెల్లాయి, కళ్ళు తుడుచుకుంటూ.

పది లోపలే అప్పజెప్పాడు. డబ్బు జూన్ మూడో వారంలో వచ్చింది. ముందు గాజులు విడిపించమన్నాను. మా అమ్మాయి ఫీజు రెండో వాయిదాలో కట్టాం, జరిమానాతో సహా. ఆ జరిమానా మా ఆవిడ ఇప్పటికీ మరచిపోలేదు.

పిల్లలు పెద్ద కంప్యూటరు కావాలని అడిగితే వెంటనే కాదనకండి. ఎన్ని కార్డులని అడిగే ముందు గోడ దగ్గరకు వెళ్ళి ప్లగ్గు రంధ్రాలు చూడండి. ఆ తరవాత కిటికీ చూడండి. కార్డుల సంగతి పిల్లలకు మనకన్న బాగానే తెలుసు. ఇంటి సంగతి చూడవలసింది మనం.

సినిమా విడుదలైనప్పుడు అందరం కలిసి వెళ్ళాం. వరద వచ్చే వేళకు మా ముందు వరసలో ఆసామి ఒకాయన లేచి, సరిగ్గా పన్నెండు సెకన్ల సేపు పంచె సర్దుకుని కూర్చున్నాడు.