చూపుకు కూడా పథ్యం కావాలి

రోగిని పరీక్షించే పద్ధతులు మూడని ఆయుర్వేదం చెబుతున్నది. అవి దర్శనం, స్పర్శనం, ప్రశ్న. అనగా కంటితో చూడటం, చేతితో తాకటం, నోటితో అడిగి తెలుసుకోవటం. వీటిలో మొదటిదే నన్ను విడిచిపోయిందని ఒక వృద్ధురాలు చెప్పేవరకు నేను గ్రహించలేదు. ముప్పై ఏళ్లుగా వైద్యవృత్తిలో ఉన్న నాకు ఈ మాట ఒప్పుకోవటం సులభం కాదు. అయినా పాఠకులకు ఉపకరిస్తుందని వ్రాస్తున్నాను.

ఆనాటికి కొన్ని నెలలుగా నాకు సరిగా నిద్ర లేదు. పగలంతా రోగుల వరుస, రాత్రి పడకమీద సెల్‌ఫోను తెర. ఇదే నా దినచర్య. ఆ వృద్ధురాలు మోకాళ్ల నొప్పులు, నీరసం అంటూ వచ్చింది. నాడి చూసి, తైలమూ చూర్ణమూ వ్రాసి ఇచ్చాను. గుమ్మం దాటబోతూ ఆమె, "చెయ్యి పట్టుకున్నారు గానీ, నా ముఖం ఒక్కసారీ చూడలేదు బాబూ" అన్నది. ఆమె వెళ్లిన తరువాత ఆ ముఖాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు.

ఆ రాత్రి చరకసంహిత తీశాను. సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిద్ర పట్టటానికి ఉపాయాలున్నాయి. అభ్యంగనం, స్నానం, పాలు, నెయ్యి, పెరుగన్నం మొదలైనవి చెప్పి, వాటి సరసనే మనస్సుకు నచ్చిన పరిమళాలను, శబ్దాలను, మనస్సుఖాన్ని కూడా ఆచార్యులు చేర్చారు. నూనె రాసుకున్నాను, పాలు త్రాగాను. మనస్సుకు చెందిన సగాన్ని మాత్రం మరిచాను.

అదే గ్రంథం 11వ అధ్యాయంలో వ్యాధులకు మూల కారణాలలో ఒకటిగా ఇంద్రియాల దుర్వినియోగం చెప్పబడింది. అది మూడు విధాలు. మిక్కిలి కాంతిగల వస్తువులను అదేపనిగా చూడటం కంటికి అతియోగం. అసలే చూడకపోవటం అయోగం. మరీ దగ్గరగా ఉన్నవాటిని, మరీ దూరాన ఉన్నవాటిని, భయంకరమైనవాటిని, జుగుప్స కలిగించేవాటిని చూడటం మిథ్యాయోగం. అర్ధరాత్రి చీకటిగదిలో, ముఖానికి జానెడు దూరంలో ఫోను పెట్టుకుని ప్రమాదాల దృశ్యాలు చూసే మనిషిలో అతియోగమూ, మిథ్యాయోగమూ కలిసే ఉన్నాయి. ఎదుట కూర్చున్న మనిషిని చూడకపోవటం అయోగమే గదా!

నా శ్రీమతి పట్టుబట్టి, నవంబరు నెలలో నన్ను అరకు ప్రయాణం కట్టించింది. విశాఖపట్టణంలో ఉదయమే రైలు ఎక్కాము. కొత్తవలస దాటి కొంత దూరం పోయాక బండి కొండలెక్కటం మొదలుపెడుతుంది. దారిలో ఎన్నో సొరంగాలు వస్తాయి. చీకటి, వెంటనే లోయ, మళ్లీ చీకటి. మొదటి రెండు మూడు సొరంగాలదాకా నా చేయి ఫోనుకోసమే వెదికింది. ఆ తరువాత, ఈసారి వెలుగులో ఏమి కనబడుతుందోనని ఎదురుచూడసాగాను. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయలో వలిసె చేలు పసుపుపచ్చగా పూచి ఉన్నాయి. దూరాన్ని చూస్తున్నప్పుడు కంటిలోని కండరాలు సడలి విశ్రాంతి పొందుతాయి. ఉదయపు వెలుతురు శరీరంలోని నిద్రా మెలకువల క్రమాన్ని సరిచేస్తుంది. ఈ రెండూ ఆధునిక వైద్యులు కూడా అంగీకరించే విషయాలు.

మరునాడు పాడేరు వైపు ఒక తోటకు వెళ్లాము. అక్కడ నేలబారున ప్రాకుతున్న ఒక తీగను చూసి, "తమలపాకు ఇక్కడ కూడా వేస్తారా?" అని అడిగాను. తోట రైతు నవ్వి, "ఇది పిప్పలి బాబూ. వైద్యం చేస్తామన్నారు, తీగ చూడలేదా?" అన్నాడు. సిగ్గుపడ్డాను. త్రికటు చూర్ణంలో శొంఠి, మిరియాలతోపాటు పిప్పళ్లను ఎన్ని వేలసార్లు వాడి ఉంటానో! పొట్లంలోని ఎండు నల్లకాయలే నాకు తెలుసు. ఆకుల నడుమ పచ్చగా నిలిచిన లేత కంకిని ఏనాడూ చూడలేదు. తమలపాకు, మిరియం, పిప్పలి ఒకే కుటుంబపు తీగలని పుస్తకంలో చదివినవాడినే. ఆ రైతు మట్టి తవ్వి వేరు చూపించాడు. అదే అంగడిలో దొరికే మోడి. ఆ రాత్రి ఏ మందూ లేకుండా నిద్రపోయాను.

ఊరికి తిరిగివచ్చాక ఆ వృద్ధురాలిని పిలిపించాను. ఈసారి ముందుగా ముఖం చూశాను. క్రింది కనురెప్ప లోపలిభాగం, నాలుక, గోళ్లు పాలిపోయి ఉన్నాయి. వెంటనే రక్తపరీక్షకు ఆసుపత్రికి పంపాను. రక్తహీనత ఎక్కువగా ఉన్నదని తేలి, చికిత్స మొదలయింది. నెల క్రిందటే నా కళ్లు పనిచేసి ఉంటే ఆమెకు ఒక నెల బాధ తప్పేది.

అందరికీ దూరప్రయాణం వీలుకాదు. ప్రయాణంలో కంటికి దొరికిన పథ్యాన్ని ఇంట్లో ఇలా కొనసాగించవచ్చు.

1. నిద్ర లేచిన అరగంట వరకు ఫోను ముట్టవద్దు. పెరట్లోనో, డాబామీదనో ఉదయపు వెలుతురులో నడవండి.

2. నిత్యం వాడే ఒక వస్తువును మొక్కగా చూసిరండి. పసుపు, అల్లం, కరివేపాకు, ఏదైనా సరే.

3. వారానికొకసారి ఎరుగని వీధిగుండానో, పక్క ఊరి సంతకో వెళ్లండి.

4. ఇంట్లోవారితో మాట్లాడేటప్పుడు వారి ముఖం చూడండి.

ప్రయాణం చేయగలిగినవారు కాచి చల్లార్చిన నీరు వెంట ఉంచుకోవాలి. ఘాటురోడ్డు మీద వికారం కలిగితే చిన్న అల్లంముక్కను ఉప్పుతో చప్పరించవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడిగి వాడాలి. నిత్యం వేసుకునే మాత్రలను ప్రయాణం పేరుతో మానరాదు. నిద్రలేమి, దిగులు రెండు వారాలకు మించి వేధిస్తే ప్రయాణంతో సరిపెట్టుకోక వైద్యుని సంప్రదించాలి.

నా బల్లమీద ఇప్పుడు ఒక కుండీలో పిప్పలి తీగ ఉన్నది. రోగులు అదేమి మొక్క అని అడుగుతుంటారు. చెబుతూ వారి ముఖం చూస్తాను.