6.4 అంటే 64 శాతం కాదు: జీపీఏ లెక్క మన పిల్లలకు తెలియాలి

మెమోల్లో గ్రేడ్ పాయింట్లు వచ్చాక, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు ఆ లెక్క విప్పి చెప్పేవాళ్లు కరువయ్యారు. ఒక సెమిస్టర్ తీసుకుని చూద్దాం.

నాలుగు క్రెడిట్ల గణితంలో 5 పాయింట్లు, నాలుగు క్రెడిట్ల ఫిజిక్స్‌లో 6, ఒక్కో క్రెడిట్ ఉన్న రెండు ల్యాబుల్లో పదేసి వచ్చాయనుకుందాం. అన్నీ కూడి నాలుగుతో భాగిస్తే 7.75. ఇది క్రెడిట్లను పట్టించుకోని సగటు. మన యూనివర్సిటీలు వేసే లెక్క వేరు. ఒక్కో సబ్జెక్టు పాయింట్లను దాని క్రెడిట్లతో గుణించి కూడితే 64. దాన్ని మొత్తం క్రెడిట్లు 10తో భాగిస్తే ఎస్‌జీపీఏ 6.4. అన్ని సెమిస్టర్లనూ ఇలాగే కలిపితే సీజీపీఏ.

చివరికి సీజీపీఏ కూడా 6.4 దగ్గరే ఆగిందనుకుందాం. పదితో గుణించి 64 శాతం అనుకుంటే మోసపోతాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల్లో ముందు 0.5 తీసేసి, తర్వాత పదితో గుణించాలి. వచ్చేది 59 శాతమే. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు కనీసం 60 ఉండాలి. ఒక్క శాతం దగ్గర విదేశీ చదువు ఆగిపోతుంది.

పై సెమిస్టర్‌లో గణితం ఒక్క పాయింటు పెరిగితే ఎస్‌జీపీఏ 0.4 పెరుగుతుంది. ల్యాబ్‌లో ఒక పాయింటు తగ్గితే 0.1 మాత్రమే తగ్గుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన మన పిల్లలు మొదటి ఏడాది తడబడేది తరచూ ఆ పెద్ద క్రెడిట్ల సబ్జెక్టుల్లోనే. అదనపు తరగతులు అక్కడే పెట్టాలి. ఈ లెక్కను చేరిన మొదటి వారంలోనే చెప్పడం కాలేజీల దయ కాదు, బాధ్యత.