పదిహేడో స్థానం చాలు

2008 సెప్టెంబర్ 1. ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల కొనుగోళ్లకు అదే ఆఖరి రోజు. అంతకు కాస్త ముందు న్యూకాజిల్ యునైటెడ్ మేనేజర్ కెవిన్ కీగన్‌కు క్లబ్బు పైవాళ్లు ఒక పేరు చెప్పారు. ఇగ్నాసియో గొంజాలెజ్, ఉరుగ్వే ఆటగాడు. కీగన్ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. క్లబ్బులో ఎవరూ అతని ఆట చూసింది లేదు. యూట్యూబ్‌లో ఉన్నాడు, చూసుకోమన్నారు. కీగన్ చూశాడు. ఆ వీడియోలు నాసిరకంగా ఉన్నాయి, వాటినిబట్టి ఏమీ తేల్చలేకపోయాడు. వద్దన్నాడు. అయినా క్లబ్బు సంతకం చేయించింది. మూడు రోజుల తర్వాత కీగన్ రాజీనామా చేశాడు.

తర్వాత ఈ వివాదం ట్రైబ్యునల్ ముందుకు వెళ్లింది. దక్షిణ అమెరికాకు చెందిన ఇద్దరు ఏజెంట్లను మంచి చేసుకోవడానికే ఆ ఒప్పందం కుదుర్చుకున్నట్టు అక్కడ తేలింది. కీగన్‌కు 20 లక్షల పౌండ్ల పరిహారం ఇవ్వాలని 2009లో తీర్పు వచ్చింది. గొంజాలెజ్ విషయానికొస్తే, రెండుసార్లు సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, అంతే.

అప్పటి యజమాని మైక్ ఆష్లీ. స్పోర్ట్స్ డైరెక్ట్ అనే క్రీడా దుస్తుల దుకాణాల గొలుసుతో కోట్లు గడించిన వ్యాపారి. 2007లో సుమారు 13.4 కోట్ల పౌండ్లు పెట్టి న్యూకాజిల్‌ను కొన్నారు. 2021 వరకు, అంటే పద్నాలుగేళ్లు అది ఆయన చేతిలోనే ఉంది. ఆ పద్నాలుగేళ్లూ అభిమానుల నోట ఒకటే మాట: డబ్బున్నవాడు కదా, ఆటగాళ్ల మీద ఎందుకు ఖర్చు పెట్టడు? ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి అని తిట్టి ఊరుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. పిసినారితనం ఒక మనిషి గుణం. ఇక్కడ దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క అర్థమైతే ఆష్లీ ఒక్కరే కాదు, ఇంకా చాలామంది యజమానులు అర్థమవుతారు.

ఐపీఎల్‌కు అలవాటుపడ్డ మనకు ముందుగా ఒక తేడా తెలియాలి. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆఖరి స్థానంలో నిలిచినా మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఆడుతుంది. ఆటగాళ్ల కొనుగోలుకు అన్ని జట్లకూ ఒకటే పరిమితి, 2025 సీజన్‌కు అది 120 కోట్ల రూపాయలు. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో అలా కాదు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లుంటాయి. అడుగున నిలిచిన మూడు జట్లు కింది డివిజన్‌కు దిగిపోతాయి. 17వ స్థానంలో ఉన్న జట్టు బతికిపోతుంది, 18వ జట్టు మునిగిపోతుంది.

ఇప్పుడు డబ్బు ఎలా పంచుతారో చూద్దాం. 2016-17 సీజన్‌ను తీసుకుంటే, ఛాంపియన్ చెల్సీకి లీగ్ నుంచి దాదాపు 15 కోట్ల పౌండ్లు అందాయి. అట్టడుగున 20వ స్థానంలో నిలిచిన సండర్లాండ్‌కు 9.3 కోట్లకు పైగా అందాయి. టీవీ సొమ్ములో పెద్ద భాగాన్ని అందరికీ సమానంగా పంచడమే దీనికి కారణం. ఆ ఏడాది పట్టికలో ఒక మెట్టు పైకెక్కితే అదనంగా వచ్చేది సుమారు 19 లక్షల పౌండ్లు. అదే కింది డివిజన్‌లో మామూలు క్లబ్బుకు అప్పట్లో టీవీ నుంచి ఏడాదికి కోటి పౌండ్లు కూడా వచ్చేవి కావు.

యజమాని కుర్చీలో కూర్చుని ఈ అంకెలు చూడండి. జట్టు 17వ స్థానంలో ఉంది. మంచి స్ట్రైకర్‌ను కొంటే పదో స్థానానికి చేరవచ్చు. ఏడు మెట్లు, అంటే సుమారు 1.3 కోట్ల పౌండ్ల అదనపు రాబడి. ఆ స్ట్రైకర్ ధర ఎంత? ఆ రోజుల్లో రెండు మూడు కోట్ల పౌండ్లు. పైగా నాలుగైదేళ్ల జీతం. అతను గాయపడవచ్చు, విఫలం కావచ్చు. పుస్తకాల్లో చూస్తే ఇది నష్టపు బేరం. కానీ 18వ స్థానానికి జారితే పోయేది అంతకు కొన్ని రెట్లు. కాబట్టి లాభం చూసుకునే యజమానికి ఒక్క గీతే ముఖ్యం: దిగిపోకుండా చూసుకోవడం. ఆ గీతకు పైన పెట్టే ప్రతి పౌండూ ఆయన కంటికి వృథాగానే కనిపిస్తుంది.

కప్పు పోటీల సంగతి ఇంకా బాధాకరం. అప్పట్లో ఎఫ్.ఏ. కప్ ఫైనల్ గెలిస్తే వచ్చే బహుమతి 18 లక్షల పౌండ్లు. లీగ్‌లో ఒక్క మెట్టు విలువ కూడా చేయదు. కప్పులు తమ ప్రాధాన్యం కాదని అభిమానుల ప్రతినిధులతో జరిగిన సమావేశంలో న్యూకాజిల్ క్లబ్బువాళ్లే చెప్పుకున్నారు. అప్పటికి ఆ ఊరు చివరిసారి దేశీయ కప్పు అందుకున్నది 1955లో. తాతలు చూసిన కప్పును మనవలు కళ్లారా చూడాలని ఆశపడే ఊరికి అది చెప్పదగిన మాటేనా?

ఆ లెక్క మైదానంలో ఎలా అమలైందో చూస్తే నమ్మడం కష్టం. 2011 జనవరి 31న, కొనుగోళ్ల గడువు ముగిసే రోజున, పక్కనే గేట్స్‌హెడ్‌లో పుట్టి ఆ క్లబ్బు అకాడమీలోనే పెరిగిన స్ట్రైకర్ ఆండీ కరోల్‌ను లివర్‌పూల్‌కు 3.5 కోట్ల పౌండ్లకు అమ్మారు. అతని స్థానంలో ఆ రోజు ఎవరూ రాలేదు. ఆ తర్వాత తక్కువ ధరకు తెచ్చిన డెంబా బా, యోహాన్ కబాయ్, పాపిస్ సీసే లాంటివాళ్లతో 2012లో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. అందరూ ఆశ్చర్యపోయారు. జట్టును బలపరచడానికి అంతకు మించిన సమయం దొరకదు. కానీ ఆ వేసవిలో చెప్పుకోదగ్గ కొనుగోలు ఒక్కటే, వర్నన్ అనీటా. మరుసటి ఏడాది చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు 16వ స్థానంలో బతికి బయటపడ్డారు. 2013-14లో రెండు కొనుగోలు సీజన్లు గడిచినా సీనియర్ జట్టుకు శాశ్వత ఒప్పందం మీద ఒక్క ఆటగాడూ రాలేదు. ఇద్దరిని అరువు తెచ్చుకున్నారు, కబాయ్‌ని మాత్రం పారిస్ క్లబ్బుకు అమ్మేశారు. 2005లో మైకేల్ ఓవెన్‌కు చెల్లించిన 1.6 కోట్ల పౌండ్లే 2019 జనవరి దాకా ఆ క్లబ్బు అత్యధిక కొనుగోలు ధరగా నిలిచిపోయింది. ఆ మధ్యకాలంలో ప్రపంచ ఫుట్‌బాల్‌లో ధరలు ఎన్ని రెట్లు పెరిగాయో ఆట చూసేవాళ్లకు వేరే చెప్పాలా?

పిండి కొద్దీ రొట్టె అంటాం. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం ఏమిటంటే, గీతకు అంగుళం పైన నడిచేవాడు ఏదో ఒక రోజు జారతాడు. ఆష్లీ కాలంలో న్యూకాజిల్ 2009లో ఒకసారి, 2016లో మరోసారి కింది డివిజన్‌కు దిగిపోయింది. రెండోసారి దిగిపోయే ముందు కంగారుపడి ఒక్క ఏడాదిలో సుమారు 8 కోట్ల పౌండ్లు గుమ్మరించారు కూడా. ఏళ్ల తరబడి సన్నగిల్లిన జట్టు ఒక్క ఏడాది తిండితో లేచి నిలబడలేదు. ఆటగాళ్ల జీతాల మొత్తం ఎక్కువున్న జట్లే దీర్ఘకాలంలో పైస్థానాల్లో నిలుస్తాయని ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్‌స్కీ ఏళ్ల లెక్కలు తీసి చూపించారు. ఒక్కసారి పెద్ద ధర పెట్టి కొనడం కన్నా, ఏటా మంచి జీతాలిచ్చి మంచి ఆటగాళ్లను నిలబెట్టుకోవడమే అసలు ఖర్చు.

పొదుపు లెక్క మనుషుల దాకా వెళ్తే ఎలా ఉంటుందో చెప్పడానికి హోనాస్ గుతియెర్రెస్ కథ చాలు. అర్జెంటీనాకు చెందిన ఈ వింగర్‌కు 2013లో క్యాన్సర్ బయటపడింది. చికిత్స చేయించుకుని తిరిగొచ్చాడు. 2015 మే 24, సీజన్ ఆఖరి రోజు. గెలిస్తేనే లీగ్‌లో ఉండటం ఖాయం. వెస్ట్ హామ్‌పై ఒక గోల్‌కు పాస్ అందించాడు, రెండో గోల్ తనే కొట్టాడు. క్లబ్బు బతికింది. కొద్ది రోజులకే కోచ్ నుంచి సహచరుడు రయన్ టేలర్‌కు ఫోన్ వచ్చింది. నీ ఒప్పందం పొడిగించడం లేదని టేలర్‌కు చెప్పి, ఫోన్ పక్కనున్న గుతియెర్రెస్‌కు ఇవ్వమన్నారు. అతనికీ అదే మాట. అంతకుముందు ఒప్పందంలో నిర్ణీత మ్యాచ్‌లు ఆడితే మరో ఏడాది పొడిగింపు దక్కే నిబంధన ఉండేది. జబ్బు కారణంగా అతన్ని ఆడించకుండా ఆ పొడిగింపు దక్కనీయలేదని, అది వివక్షేనని 2016లో ట్రైబ్యునల్ తీర్పు ఇచ్చింది. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

మరి ఆష్లీకి ఏం మిగిలింది? ఏటేటా డివిడెండ్ తీసుకోలేదు. పాత అప్పులు తీర్చడానికి ఆయనే 10 కోట్ల పౌండ్లకు పైగా వడ్డీ లేకుండా క్లబ్బుకు అప్పిచ్చారు. ఇది ఆయన పక్షాన చెప్పాల్సిన మాట, చెప్పి తీరాలి. అదే కాలంలో పోర్ట్స్‌మత్ అప్పుల్లో కూరుకుపోయి 2010లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బరీ క్లబ్బును 2019లో లీగ్ నుంచే తీసేశారు. న్యూకాజిల్‌కు ఆ గతి పట్టలేదు. కానీ ఆయన రాబడి వేరే దారుల్లో వచ్చింది. 52 వేల మంది కూర్చునే సెయింట్ జేమ్స్ పార్క్ నిండా స్పోర్ట్స్ డైరెక్ట్ బోర్డులే. ప్రపంచమంతా టీవీలో కనిపించే ఆ ప్రకటనలకు చాలా ఏళ్లు క్లబ్బుకు రుసుము అందలేదు. 2011లో స్టేడియం పేరునే స్పోర్ట్స్ డైరెక్ట్ ఎరీనాగా మార్చారు. ఊరు భగ్గుమంది, ఏడాది తిరగకుండానే పాత పేరు వెనక్కి వచ్చింది. చివరికి 2021 అక్టోబర్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నాయకత్వంలోని బృందానికి సుమారు 30.5 కోట్ల పౌండ్లకు క్లబ్బును అమ్మారు. గడ్డి తక్కువ పెట్టినా ఆవు ధర మాత్రం పెరిగింది. లీగ్‌లో సీటు ఉండటమే ఆ ధరకు మూలం.

ఇలాంటి యజమానులంతా ఒకే అచ్చు కాదు. మాంచెస్టర్ యునైటెడ్‌ను 2005లో కొన్న అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం, కొనడానికి చేసిన అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే పెట్టింది. అప్పటిదాకా అప్పు లేని క్లబ్బు అది. ఆటగాళ్లను కొనలేదని వాళ్లను అనలేం, 2016లో పాల్ పోగ్బాకు 8.9 కోట్ల పౌండ్లు ఇచ్చారు. కానీ ఆ ఖర్చు క్లబ్బు సంపాదనే, యజమాని జేబులోది కాదు. అదే సంపాదనలోంచి వడ్డీలూ పోయాయి, కొన్నేళ్లు వాటాదారులకు డివిడెండ్లూ పోయాయి. వాళ్ల స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు మాత్రం వానొస్తే కారుతూనే వచ్చింది. 2024 మేలో ఆర్సెనల్ మ్యాచ్ అయ్యాక నీళ్లు స్టాండ్స్‌లోకి జలపాతంలా దూకిన దృశ్యం లక్షల మంది చూశారు.

మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ బ్లాక్‌బర్న్ రోవర్స్. కోళ్ల పరిశ్రమలో పెద్ద పేరైన డాక్టర్ బి.వి.రావు కుటుంబానికి చెందిన వెంకీస్ సంస్థ 2010 నవంబర్‌లో దాన్ని కొంది. ఒకప్పుడు, 1995లో, ఇంగ్లండ్ ఛాంపియన్ అది. వీళ్లు డబ్బు పెట్టలేదని అనలేం, 20 కోట్ల పౌండ్లకు పైనే పోశారు. తప్పు మరోచోట జరిగింది. కొన్న నెల తిరక్కుండానే అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తొలగించారు. 2012లో జట్టు దిగిపోయింది. ఆ రోజు అభిమానులు మైదానంలోకి క్లబ్బు జెండా చుట్టిన కోడిని వదిలారు. ఒక దశలో భారత్‌లో విదేశీ మారకద్రవ్య దర్యాప్తు వల్ల క్లబ్బుకు డబ్బు పంపాలంటే కోర్టు అనుమతి తప్పనిసరైంది. చిన్ననాటి నుంచి అక్కడే పెరిగిన ఆడమ్ వార్టన్‌ను 2024 ఆరంభంలో క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్ముకున్నారు. డబ్బు పెట్టని యజమాని ఒక బాధ, ఆట తెలియకుండా డబ్బు పెట్టే యజమాని ఇంకో బాధ.

ఇన్ని చూసీ అభిమానులు ఎందుకు ఊరుకుంటారు? సబ్బు నచ్చకపోతే ఇంకో సబ్బు కొంటాం. న్యూకాజిల్‌లో పుట్టినవాడు యజమాని నచ్చలేదని పొరుగు ప్రత్యర్థి సండర్లాండ్‌కు అభిమాని కాలేడు. అక్కడివాళ్లకు అది ప్రాణం పోయినా జరగని పని. ఈ బంధం సడలదని యజమానికి బాగా తెలుసు. సరుకు నాసిరకమైనా టికెట్లు అమ్ముడవుతూనే ఉంటాయి. నా దృష్టిలో ఆష్లీ చేసిన తప్పు పొదుపు కాదు. ఈ విడదీయరాని బంధాన్ని తన దుకాణాలకు ఉచిత ప్రచారంగా మార్చుకోవడమే తప్పు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగం కన్నా ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉన్నది అందుకే. ఇంగ్లండ్‌లో 2025 జులైలో కొత్త చట్టం వచ్చింది, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. క్లబ్బు ఆర్థిక స్థితిని, యజమానుల అర్హతను అది పరిశీలిస్తుంది. స్ట్రైకర్‌ను కొనమని మాత్రం ఎవరినీ ఆదేశించలేదు.

న్యూకాజిల్ స్టేడియంలో స్పోర్ట్స్ డైరెక్ట్ బోర్డులు 2021 డిసెంబర్‌లో దిగాయి. 2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి జట్టు లీగ్ కప్ అందుకుంది, డెబ్బై ఏళ్ల తర్వాత తొలి దేశీయ కప్పు. కొత్త యజమానులు పెట్టిన డబ్బు ఒక రాజ్యానిది, దాని మీద వేరే ప్రశ్నలున్నాయి, అవి న్యాయమైన ప్రశ్నలే.

మీకూ ఒక ఇంగ్లిష్ క్లబ్బు ఇష్టమైతే ఒక పని చేయండి. అక్కడి పెద్ద క్లబ్బుల వార్షిక లెక్కలు కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొనుగోళ్ల వార్తలు చదివే ముందు అందులో మూడు అంకెలు వెతకండి: జీతాల మొత్తం, యజమానికి బాకీ ఉన్న మొత్తం, యజమాని సొంత సంస్థలతో జరిపిన లావాదేవీలు. మూడోది చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు అదే చదవండి.