హడావుడి లేని తొందర

పని చేసేచోట తొందర రెండు రకాలుగా ఉంటుంది, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గనుక వాటిని విడదీసి చూడడం కష్టం. ఒక ప్రమాదమో ఒక అవకాశమో నిజంగా దగ్గరపడుతున్నదని గుర్తించి, దానికి సంబంధించిన పని రోజూ కొంతైనా ముందుకు జరిగేలా చూసుకోవడం మొదటిది. మాట పడాల్సి వస్తుందన్న భయంతో సమావేశాలు, నివేదికలు, ఫోన్లు పెంచుకుంటూ పోవడం రెండోది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విశ్రాంత ఆచార్యుడు జాన్ కాటర్ 2008లో ఈ విషయంపైనే ఒక పుస్తకం రాసి, మొదటిదాన్ని నిజమైన అత్యవసర స్పృహగానూ రెండోదాన్ని ఉత్తుత్తి అత్యవసరంగానూ వేరుచేశారు. సోమరితనం కంటే ఈ రెండోదే ఎక్కువ చేటు చేస్తుందని చెప్పవచ్చు, ఎందుకంటే చేతులు ముడుచుకుని కూర్చున్న ఉద్యోగిని చూస్తే పని సాగడం లేదని ఎవరికైనా తెలుస్తుంది గాని, ఊపిరి సలపకుండా తిరుగుతున్న ఉద్యోగి విషయంలో ఆ అనుమానమే రాదు.

ఈ తేడా హైదరాబాదు చరిత్రలో మూసీ వరద నాటి పనిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నది, వంతెనలు కొట్టుకుపోయాయి, నదిని ఆనుకుని ఉన్న బస్తీలు నేలమట్టమయ్యాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు కబురు పంపేనాటికి ఆయన విదేశీ పర్యటనలో ఉన్నారు. పర్యటన ముగించుకున్నాకే వస్తానని ఆయన చెప్పగా, ప్రభుత్వం అందుకు ఒప్పుకుని ఎదురుచూసింది. ఆయన పనిలో చేరింది 1909 ఏప్రిల్‌లో. వరదలో చిక్కుకున్నవారిని కాపాడడం, తిండి, నీడ చూపించడం గంటలమీద జరగాల్సిన పనులు, వాటికి స్థానికులూ ప్రభుత్వ యంత్రాంగమూ ఉన్నారు; మరో వరద నగరాన్ని ముంచకుండా చూడడం వేరే పని, దానికి కావలసింది పరుగు కాదు, లెక్క.

ఆ లెక్క ఎలా సాగిందో కాస్త దగ్గరగా చూడాలి. నది గట్లు ఎత్తు చేయడంతోనే ఆయన పని మొదలుపెట్టలేదు, నగరానికి ఎగువన కురిసిన వాన ఎంత, అది ఏ దారిన వచ్చింది అన్నదగ్గర మొదలుపెట్టారు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడినట్టు నమోదైంది. మూసీ పరీవాహక ప్రాంతంలో, అంటే వాననీరు పారి ఆ నదిలో కలిసే నేల మొత్తంలో, 788 చెరువులు ఉండగా వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయని తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు కట్టమీద పడుతుంది, అదీ తెగితే రెండింటి నీరూ కలిసి మూడోదానిమీద పడుతుంది, కనుక నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు. ఈ సంగతి తెలిశాకే మందు ఎక్కడ వేయాలో తెలిసింది: ఎగువన మూసీమీద, దాని ఉపనది ఈసీమీద వరదను ఆపి మెల్లగా వదిలే జలాశయాలు కట్టాలని ఆయన అదే ఏడాది ప్రభుత్వానికి నివేదించారు. ఆ సూచనల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్.

కొన్ని నెలల్లో నివేదిక, ఏళ్ల తరబడి నిర్మాణం అంటే తొందర ఏదీ అన్న సందేహం రావడం సహజం. అయితే అసలు గడువు ఎవరో అధికారి రాసిన తేదీ కాదు, మరో పెద్ద వాన. అది ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక పనిని మధ్యలో వదిలేసే వీలు లేదు. ఆరో నిజాం 1911లో మరణించినా, తర్వాతి పాలకుడి కాలంలోనూ ఆ పని ఆగకపోవడంలోనే నిజమైన అత్యవసర స్పృహ కనిపిస్తుంది.

నిమిషాల్లో సాగే పనికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవనే తీసుకుంటే, తీవ్రంగా గాయపడిన మనిషికి తొలి గంటలోపు వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువన్న అవగాహన దానికి ఆధారం. అంత కొద్ది వ్యవధి ఉన్నా ఫోను ఎత్తిన ఉద్యోగి అరుపులకు అరుపులతో బదులివ్వకుండా ఎక్కడ, ఏమైంది, స్పృహ ఉందా అని వరుసగా అడిగి రాసుకోవాలి, ఎందుకంటే చిరునామా తప్పుగా రాసుకుంటే బండి ఎంత వేగంగా వెళ్లినా వెళ్లేది వేరే చోటికే.

హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ రహదారిమీద ఉన్న తుర్కయాంజాల్‌కు ఈ చర్చ దూరపు సంగతి కాదు. ఊళ్లు పట్టణంగా, పొలాలు ప్లాట్లుగా మారిన ఈ ప్రాంతంలో మాసబ్ చెరువు ఇంకా ఉన్నది. ఇటువంటి చెరువు విషయంలో ఏటా చేయాల్సిన పనులు కొన్నే: నీరు వచ్చే వాగులు, కాలువలు పూడుకుపోకుండా చూడడం, నిండాక మిగులు నీరు పొర్లిపోయే అలుగుకు అడ్డం లేకుండా చూడడం, కట్ట పరీక్షించడం, ఆక్రమణ మొదలైనప్పుడే ఆపడం. వీటన్నిటికీ తగిన కాలం ఎండాకాలమే, అప్పుడు ఎవరి నుంచీ ఫిర్యాదు రాదు, ఏ ఫోనూ మోగదు, అందుకే బల్లమీది ఫైళ్లలో ఇవి అడుగుకు జారిపోతాయి. జూలైలో కాలనీలోకి నీళ్లు వచ్చాక మోటార్లు, ఇసుక బస్తాలు, రాత్రింబవళ్ల తనిఖీలు మొదలవుతాయి, అప్పటి కష్టం నిజమైనదే, అందులో పాల్గొన్నవారి శ్రమను తక్కువచేయడం అన్యాయం. కాని ఆ శ్రమలో చాలాభాగం ఏప్రిల్‌లో జరగని పనికి చెల్లించిన మూల్యం. కాబట్టి ఏ కార్యాలయమైనా ఏప్రిల్, మే నెలల్లో తన సిబ్బందికి రోజుకు రెండు గంటలు సమావేశాలు లేకుండా వదిలి, ఆ సమయాన్ని కట్ట దగ్గర, అలుగు దగ్గర గడపమంటే, ఉద్యోగుల సంఖ్య పెంచకుండానే వానాకాలపు రాత్రులు కొన్ని ప్రశాంతంగా గడిచే వీలుంటుంది.