ఊపిరితో పీల్చు స్టెరాయిడ్లు: ఎవరికి, ఎందుకు?

శీతల పానీయములు త్రాగుటకు వాడు సన్నని గొట్టము నొకదానిని నోట నుంచుకొని, ముక్కు మూసికొని, అర నిమిషము పాటు ఆ గొట్టము ద్వారానే గాలి పీల్చి వదలి చూడుడు. (ఉబ్బసము, గుండెజబ్బు గలవారు ఈ ప్రయోగము చేయరాదు.) కదలక కూర్చున్నంతసేపు ఎట్లో నెట్టుకొని రావచ్చును. ఆ గొట్టముతోనే నాలుగు మెట్లెక్కవలసివచ్చిన నెట్లుండునో ఊహించుకొనుడు. శ్వాసనాళములు ఇరుకైన రోగి పగలు రాత్రి అనుభవించు బాధ ఇట్టిదే.

నాళము కొంచెము ఇరుకైనంత మాత్రముననే ఇంత కష్టమేల? పాయిజూలీ సమీకరణమును చదివిన విద్యార్థులు దీనికి సమాధానము చెప్పగలరు. ధారారేఖా ప్రవాహమునకు నాళము కలిగించు నిరోధము వ్యాసార్ధపు నాలుగవ ఘాతమునకు విలోమానుపాతముగ నుండును. అనగా నాళపు వ్యాసార్ధము సగమైనచో నిరోధము రెండింతలు కాదు, పదునారింతలగును. కావున శ్వాసనాళికల లోపలి పొర స్వల్పముగ వాచినను ఊపిరి బరువగును. ఆ వాపును ఏ కొంచెము తగ్గించినను గొప్ప ఉపశమనము కలుగును. ఈ వ్యాసమున చెప్పబోవు చికిత్సలన్నియు ఈ ఒక్క లెక్కపై ఆధారపడియున్నవి.

ఒకే లక్షణము, రెండు వ్యాధులు

ఆయాసము, పిల్లికూతలు, దగ్గు – ఈ మూడును కనబడగనే మనవారు దానిని ఉబ్బసమందురు. కాని ఈ లక్షణములు గల దీర్ఘవ్యాధులలో ముఖ్యమైనవి రెండు కలవు. మొదటిది ఉబ్బసము. ఇది తరచుగ బాల్యముననే ఆరంభమగును. పుప్పొడి, దుమ్ములోని సూక్ష్మకీటకములు, చల్లగాలి, జలుబు మున్నగువాటి ప్రేరణచే శ్వాసనాళికల గోడలు వాచును, వాటి చుట్టునున్న కండరములు బిగుసుకొనును, కఫము చేరును. ఈ వాపును వైద్యులు శోథము అందురు. ఉబ్బసపు శోథములో అనేకుల యందు ఇసినోఫిల్ అను ఒక జాతి తెల్ల రక్తకణములు అధికముగ నుండును. ఉబ్బసము వచ్చుచు పోవుచుండును. నాళములు తిరిగి తెరచుకొనుటకు అవకాశము గలదు.

రెండవది సీఓపీడీ అని పిలువబడు దీర్ఘకాల శ్వాసావరోధ వ్యాధి. సాధారణముగ నలుబది యేండ్లు దాటినవారిలో ఇది బయటపడును. సిగరెట్లు, బీడీలు, చుట్టల పొగ దీనికి ప్రధాన కారణము. ఎన్నడును పొగ త్రాగని స్త్రీలు సైతము కట్టెల పొయ్యి, పిడకల దాలి ముందు ఏండ్ల తరబడి కూర్చుండుట వలన ఈ వ్యాధికి లోనగుచున్నారు. ఇందులో చిన్న శ్వాసనాళికలు శాశ్వతముగ ఇరుకగును. వాయుకోశముల పలుచని గోడలు చిరిగిపోవును. చాలమంది యందు ఇక్కడ శోథములో ప్రధానపాత్ర న్యూట్రోఫిల్ అను వేరొక జాతి కణములది. ఇసినోఫిల్, న్యూట్రోఫిల్ అను ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఈ అవరోధమును కొలుచుటకు స్పైరోమీటరు అను సాధనము కలదు. దీనిని 1846లో జాన్ హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు ప్రకటించెను. రోగి నిండుగ గాలి పీల్చి, వీలైనంత బలముగ, వీలైనంత వేగముగ వదలును. మొదటి సెకనులో వెలుపడిన గాలి, మొత్తము వెలుపడిన గాలిలో ఎన్నవవంతో లెక్కింతురు. నాళములను విప్పు మందు ఇచ్చిన పిదప కూడ ఈ నిష్పత్తి 0.70కి తక్కువగ నున్నచో అవరోధము స్థిరపడినదని గ్రహింతురు. ఈ పరీక్ష లేకుండ లక్షణములను బట్టి మాత్రమే వ్యాధిని నిర్ణయించుట పొరపాటులకు దారితీయును.

హాయినిచ్చు మందు, కాపాడు మందు

ఉబ్బసమునకు వాడు ఇన్‌హేలర్లలో ముఖ్యమైన తరగతులు రెండు. 1969లో వాడుకకు వచ్చిన సాల్బ్యుటమాల్ మొదటి తరగతికి చెందినది. ఇది కండరకణముల ఉపరితలముననున్న గ్రాహకములకు అంటుకొని, కొద్ది నిమిషములలోనే బిగువును సడలించును. దీని ప్రభావము నాలుగు మొదలు ఆరు గంటలు నిలుచును. కాని శోథము అట్లే యుండును.

స్టెరాయిడ్ల పని వేరు. ఇవి కణములోనికి ప్రవేశించి, అచ్చటి గ్రాహకములతో కలిసి, కేంద్రకమును చేరి, శోథమును పెంచు పదార్థములను తయారుచేయు జన్యువుల పనిని అణచును. ఇందుకు కొన్ని గంటలు పట్టును. పూర్తి ఫలితము కనబడుటకు రోజులు, వారములు పట్టును. పీల్చిన వెంటనే రోగికి ఏ హాయియు తెలియదు. చిక్కంతయు ఇక్కడనే కలదు. నిమిషములలో సుఖమిచ్చు మందును రోగి నమ్మును. నిశ్శబ్దముగ పనిచేయు మందును మానివేయును.

ఈ నమ్మకము ప్రమాదకరమని చరిత్రయే చెప్పుచున్నది. లెక్క ప్రకారము ఒక్కొక్క మోతాదు విడిచెడి ఇన్‌హేలరు 1956లో అమెరికాలో బయలుదేరెను. 1960-70 మధ్య ఇంగ్లండులో అధిక మోతాదు ఐసోప్రినలిన్ ఇన్‌హేలర్లు విరివిగ అమ్ముడుపోయెను. అదే కాలమున ఉబ్బస మరణములు కూడ పెరిగెను. 2000లో కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రమునకు చెందిన సుమారు 30 వేలమంది రోగుల వివరములను పరిశీలించి ఒక అధ్యయనము ప్రకటింపబడినది. గడచిన సంవత్సరములో పీల్చు స్టెరాయిడు డబ్బాలను వాడినకొలది, అదనముగ వాడిన ఒక్కొక్క డబ్బాకు ఉబ్బస మరణముల రేటు 21 శాతము చొప్పున తక్కువగ నుండెనని అందు తేలెను. 2019లో ఉబ్బసముపై వెలువడు అంతర్జాతీయ మార్గదర్శకములు పెద్దవారికిని, కౌమార వయస్కులకును సాల్బ్యుటమాల్ వంటి మందును ఒంటరిగ ఇవ్వరాదనియు, దానికి తోడుగ పీల్చు స్టెరాయిడు తప్పక ఉండవలెననియు సూచించెను. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ అను రెండు మందులను ఒకే ఇన్‌హేలరులో కలిపి వాడు పద్ధతి ఈ విధముగనే ప్రచారమునకు వచ్చినది.

మిల్లీగ్రాముల నుండి మైక్రోగ్రాములకు

స్టెరాయిడు అనగనే భయపడువారు పెక్కుమంది కలరు. ఆ భయమునకు కారణము లేకపోలేదు. అధివృక్క గ్రంథుల నుండి లభించిన కార్టిజోన్‌ను 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతమునకు వాడి, ఆశ్చర్యకరమైన ఫలితములు పొందెను. 1950లో ఆయనకును, కెండల్, రైక్‌స్టైన్‌లకును నోబెల్ బహుమానము లభించినది. కాని ఈ జాతి మందులను మాత్రల రూపమున ఎక్కువ కాలము మ్రింగినచో ఎముకలు పెళుసగును. రక్తములో చక్కెర, రక్తపుపోటు పెరుగును. కంటిలో శుక్లము వచ్చును. ఊపిరితిత్తులకు ఉద్దేశించిన మందు దేహమంతట తిరుగుటయే ఇందుకు కారణము.

మందును నేరుగ శ్వాసనాళములకే అందించినచో ఎట్లుండును? 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలరు ఈ ప్రశ్నకు సమాధానమైనది. మాత్రలపై ఆధారపడిన అనేక రోగులు దాని సహాయమున మాత్రలు తగ్గించుకొనగలిగిరి, కొందరు పూర్తిగ మానగలిగిరి. తరువాత వచ్చిన బ్యుడెసొనైడ్, ఫ్లూటికసోన్ వంటివాటిలో రసాయనజ్ఞులు మరియొక సౌకర్యమును కల్పించిరి. గొంతులో పడి కడుపులోనికి పోయిన భాగములో అధికాంశమును కాలేయము నిర్వీర్యము చేయును. మాత్రలుగ నిచ్చు ప్రెడ్నిసొలోన్ తీవ్రమైన దశలో రోజునకు 40 మిల్లీగ్రాములు ఇచ్చుట కలదు. పీల్చు బ్యుడెసొనైడ్ తక్కువ మోతాదు రోజునకు 200 మొదలు 400 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యవ వంతు మైక్రోగ్రాము. రెండు మందుల బలము సమానము కాదు గనుక ఈ అంకెలను సూటిగ భాగించి పోల్చరాదు. అయినను దేహము మోయు భారము ఎంత తగ్గినదో ఊహింపవచ్చును.

పీల్చు స్టెరాయిడ్లకు బొత్తిగ దోషములు లేవని కాదు. గొంతు బొంగురుపోవుట, నోటిలో తెల్లని బూజు పట్టుట కలదు. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేసినచో ఇవి చాలవరకు తగ్గును. పిల్లలు పొట్టివారగుదురేమోయని తల్లిదండ్రులు శంకింతురు. బాల్యమున కొన్నియేండ్లు బ్యుడెసొనైడ్ పీల్చినవారిని పెద్దవారగువరకు గమనించి, 2012లో అమెరికాలో ప్రకటించిన ఫలితముల ప్రకారము, వారి ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు మాత్రమే తగ్గినది. అదుపులేని ఉబ్బసముతో బడి మాని, ఆట మాని పెరుగుటతో పోల్చినచో ఇది ఎంత? ఇక ఇన్‌హేలరు అలవాటుపడిన విడువదను మాట నిరాధారము. కండ్లజోడు పెట్టుకొనువానికి కండ్లజోడు వ్యసనమని ఎవరైన అందురా?

కణమును చూచి మందు నిర్ణయించుట

ఉబ్బసమునకు ఇంత మేలు చేసిన మందు సీఓపీడీకిని అంతే మేలు చేయునా? చేయదు. ఇచ్చట మొదట చెప్పిన కణభేదము తిరిగి జ్ఞాపకము తెచ్చుకొనవలెను. 1958లో ఇంగ్లండులోని డర్బీ పట్టణమున హ్యారీ మారో బ్రౌన్ అను వైద్యుడు దీర్ఘరోగుల కఫమును సూక్ష్మదర్శినితో పరిశీలించెను. ఇసినోఫిల్ కణములున్న వారికి ప్రెడ్నిసొలోన్ గుణమిచ్చుచున్నదనియు, అవి లేనివారికి ఇచ్చుట లేదనియు ఆయన గమనించెను. బెక్లోమెథసోన్ ఇన్‌హేలరును తొలుత పరీక్షించినవారిలో ఆయనయు ఒకరు.

2007లో వెలువడిన టార్చ్ అను పెద్ద పరీక్షలో సీఓపీడీ గల సుమారు ఆరువేల మందిని మూడేండ్లు గమనించిరి. ఫ్లూటికసోన్, సాల్మెటెరాల్ కలిపి పీల్చినవారికి వ్యాధి ఉద్రేకించుట తగ్గినది. కాని మరణములలో కనబడిన తగ్గుదల గణితశాస్త్రరీత్యా రూఢి కాలేదు. పైగా ఫ్లూటికసోన్ వాడినవారిలో న్యుమోనియా పెరిగినది. అందుచే నేడు సీఓపీడీ రోగులందరికి ఈ మందు ఇవ్వరు. రక్తములో మైక్రోలీటరునకు ఇసినోఫిల్స్ 300 లేక అంతకు మించియుండి, వ్యాధి మాటిమాటికి ఉద్రేకించుచున్నచో స్టెరాయిడును చేర్చుటకు మొగ్గుచూపుదురు. 100కు తక్కువైనచో సాధారణముగ వలదందురు. అరువది యేండ్ల క్రిందట కఫములో చూచిన కణమే నేడు రక్తపరీక్షలో వైద్యునకు దారి చూపుచున్నది. 2024లో అమెరికా, ఐరోపాలలో సీఓపీడీకి అనుమతి పొందిన డ్యుపిల్యుమాబ్ అను సూదిమందు కూడ ఇసినోఫిల్స్ అధికముగ నున్న వారికే ఉద్దేశింపబడినది.

మరి మిగిలిన రోగులకు దిక్కేమి? నాళములను పండ్రెండు గంటలు, ఇరువదినాలుగు గంటలు తెరచియుంచు దీర్ఘకాలిక ఇన్‌హేలర్లు వారి చికిత్సకు ఆధారము. వ్యాయామ శిక్షణ, ఫ్లూ, న్యుమోనియా టీకాలు మేలు చేయును. రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి రోజునకు కనీసము 15 గంటలు ప్రాణవాయువు నందించినచో ఆయుష్షు పెరుగునని 1980, 1981 సంవత్సరములలో ప్రకటించిన పరీక్షలు రుజువు చేసినవి. అన్నిటికంటె ముఖ్యము పొగ మానుట. మానినవారి ఊపిరితిత్తుల క్షీణత మందగించునని 1994లో అమెరికాలో ప్రకటించిన పరీక్ష తెలిపినది. ఆ పరీక్షలోనే నాళములను విప్పు మందు ఒకటి ఇచ్చి చూచిరి. అది క్షీణతను ఆపలేకపోయినది.

పీల్చు విధానము

మంచి మందైనను సరిగ పీల్చనిచో గొంతులోనే పడిపోవును. ఒత్తెడి ఇన్‌హేలరును బాగుగ కుదిపి, మొదట గాలి వదలి, పిదప డబ్బాను నొక్కుచు నెమ్మదిగ, లోతుగ పీల్చి, పది సెకనులు ఊపిరి బిగబట్టవలెను. పిల్లలకును, చేతులు వణకు వృద్ధులకును స్పేసరు అను గొట్టపుడబ్బా తగిలించినచో పని సులభమగును. పొడిమందు సాధనములను మాత్రము ఒక్కపెట్టున బలముగ పీల్చవలెను. ఈ తేడా తెలియక మందు పనిచేయలేదనుకొనువారు అనేకులు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. తరగతిలో ఉబ్బసపు పిల్లవాడు ఉన్నచో అతని ఇన్‌హేలరు అతనికి అందుబాటులో ఉండనిండు. దానిని బీరువాలో పెట్టి తాళము వేయకుడు, ఇతరులు హేళన చేయకుండ చూడుడు. ఆయాసము వచ్చినపుడు పడుకొనబెట్టక నిటారుగ కూర్చుండబెట్టి, ఉపశమనపు మందు పీల్పింపవలెను. మాట పూర్తిగ పలుకలేకున్నను, పెదవులు నీలిబారినను, మందుకు గుణము కనబడకున్నను క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. అట్టి పిల్లవాడు మాటిమాటికి ఉపశమనపు మందునే ఆశ్రయించుచున్నాడన్న శోథము అదుపులో లేదని అర్థము. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలుపుడు. మందు మానవలెనన్నను, మార్చవలెనన్నను ఆ నిర్ణయము వైద్యునిదే. ఆయాసము లేని దినమున కూడ పీల్చవలసిన మందు ఒకటి కలదని ఆ ఇంటివారు గ్రహించిన చాలును, రాబోవు ఆపదలో చాల భాగము తప్పును.