కోడ్ రాయడం ఏఐ వంతు... సరిచూసే చూపు ఎవరిది?

‘కోడ్ అంతా ఏఐ రాస్తుంటే మన పిల్లలకు ఉద్యోగాలుంటాయా? ఇందూరు (నిజామాబాద్) నుంచి రాయండి’ అని ఎడిటర్ గారు పురమాయించారు. ఈ ప్రశ్న ఇక్కడ ఇంటింటిదీ. బోధన్, వర్ని, కోటగిరి వైపు చెరకు, వరి డబ్బులతోనే ఇంజినీరింగ్ ఫీజులు కట్టిన కుటుంబాలు ఎన్నో. ఊరు విడవకుండానే సాఫ్ట్‌వేర్ కొలువు చేసుకోవచ్చన్న ఆశతో నిజామాబాద్‌లో ఐటీ హబ్ 2023 ఆగస్టు 9న తెరుచుకుంది. అప్పటికి చాట్‌జీపీటీ వచ్చి తొమ్మిది నెలలైనా నిండలేదు.

ఈ కథనం కోసం చదివినవాటిలో నన్ను వదలనిది ఒక్క నివేదికే. అమెరికాలోని మెటర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో వెలువరించింది. అనుభవమున్న 16 మంది డెవలపర్లను తీసుకున్నారు. వాళ్లు సగటున ఐదేళ్లుగా పనిచేస్తున్న సొంత ప్రాజెక్టుల్లోంచే 246 పనులు ఎంచారు. ఏ పనికి ఏఐ వాడాలో, దేనికి వాడకూడదో లాటరీ తీసినట్టు నిర్ణయించారు. పని సాగుతున్నంతసేపూ స్క్రీన్ రికార్డయింది. మొదలుపెట్టేముందు వాళ్ల అంచనా: ఏఐతో 24 శాతం సమయం కలిసొస్తుంది. అంతా ముగిశాక అడిగితే, 20 శాతం కలిసొచ్చిందన్నారు. గడియారం లెక్క వేరు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది! అడిగిన తీరు మార్చి మళ్లీ అడగడం, జవాబు కోసం ఎదురుచూడటం, వచ్చినదాన్ని చదివి దిద్దడం... సమయం అక్కడ కరిగిపోయింది. ఏఐ ఇచ్చిన కోడ్‌లో సగం కూడా వాళ్లు ఉంచుకోలేదు.

ఇది అందరికీ వర్తించే సూత్రం కాదని నివేదిక రాసినవారే చెప్పారు. అవి లక్షల వరుసల పాత ప్రాజెక్టులు, వాళ్లు వాటిని అణువణువూ ఎరిగినవాళ్లు. ఆ తర్వాత టూల్స్ కూడా మెరుగుపడ్డాయి. ఏఐ వేగమెంత అన్నదానికంటే, అంత అనుభవజ్ఞులు కూడా తమ పని వేగాన్ని తామే పోల్చుకోలేకపోయారన్నది నన్ను కలవరపెట్టింది. వాళ్లకే అలా ఉంటే, నిన్న మొన్న డిగ్రీ పట్టా అందుకున్న పిల్లల సంగతేమిటి?

చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచే పాన్‌మ్యాన్‌ను ఎరిగినవాళ్లకు అనుభవంతో వచ్చే చూపు ఏమిటో చప్పున తడుతుంది. గేజీలు ఎన్నున్నా, అతను మరుగుతున్న పాకంలోంచి కాస్త తీసి, గాజు పలక మీద పరిచి, వెలుతురుకు పెట్టి పలుకు కట్టిన తీరు చూస్తాడు. పెద్ద పాన్‌మ్యాన్ పక్కన నిలబడి సీజన్ల తరబడి నేర్చుకుంటే వచ్చే చూపు అది. కోడ్‌కూ అలాంటి చూపే కావాలి. చిన్న చిన్న బగ్స్ సరిచేస్తూ, టెస్టింగ్ చేస్తూ ఫ్రెషర్లు దాన్ని సంపాదించుకునేవారు. ఏఐ ముందుగా అందుకుంటున్నది సరిగ్గా ఆ పనులనే. అమెరికాలో జీతాల రికార్డులను పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 22-25 ఏళ్ల డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నుంచి 2025 జులై నాటికి దాదాపు 20 శాతం తగ్గాయని తేల్చారు. పెద్ద వయసువాళ్ల కొలువులు అలా తగ్గలేదు. సీనియర్లు కావాలి, సీనియర్లను తయారుచేసే ఖర్చు మాత్రం వద్దనే ఈ ధోరణిని నేను ఒప్పుకోలేను.

ఇక మన చక్కెర ఫ్యాక్టరీ చరిత్ర. 1937లో నిజాం హయాంలో బోధన్ శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వెలసింది, ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. దాన్ని మూసింది యంత్రం కాదు, మనుషుల నిర్ణయాలు. ఐటీలోనూ అంతే. 2025 జులైలో దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని టీసీఎస్ ప్రకటించినప్పుడు, కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు పొసగకపోవడమని సీఈఓ కృతివాసన్ చెప్పారు.

కొన్ని వారాల్లో ఏఐ నిపుణులను చేస్తామనే కోచింగ్ ప్రకటనలను నేను నమ్మను. మన పిల్లలు ఏఐ సాయం లేకుండా ఒక ప్రోగ్రాం రాసి, ప్రతి వరుసా ఎందుకుందో చెప్పగలగాలి. ఇతరుల కోడ్ చదవాలి. తప్పు ఎక్కడ దొర్లుతుందో ఊహించి టెస్టులు రాయాలి. దాంతోపాటు ఒక రంగం లోతుగా తెలియాలి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో అమ్ముడవుతుంది. లాట్ నంబరు, తేమ, తూకం, రైతు ఖాతాలో పడే డబ్బు... వీటిలో ఏది తప్పితే ఎవరికి నష్టమో యార్డును ఎరిగినవారు ముందే పసిగడతారు.

ఐటీ హబ్‌లో చోటిచ్చేటప్పుడే ప్రభుత్వం ఒక షరతు పెట్టాలి: ప్రతి కంపెనీ స్థానిక ఫ్రెషర్లను తీసుకోవాలి, వాళ్లను సీనియర్ పక్కన కూర్చోబెట్టి కనీసం ఏడాది పని నేర్పాలి.

మరికొంత

మైక్రోసాఫ్ట్ కోడ్‌లో 20 నుంచి 30 శాతం సాఫ్ట్‌వేరే రాస్తోందని సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో చెప్పారు. కోడ్ సూచించే గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా వచ్చింది.