తలుపు వేసిన ఇల్లు, తెరచి ఉన్న వైఫై

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు సంభవించాయి. అందుకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ చేరింది. అది ఏ ఐపీ చిరునామా నుండి బయలుదేరిందో ఆరా తీసిన పోలీసులు నవీ ముంబయిలో నివసిస్తున్న ఒక అమెరికా పౌరుని ఇంటికి చేరుకున్నారు. కంప్యూటర్లను స్వాధీనం చేసుకుని ఆయనను ప్రశ్నించారు. ఆయన వైఫైకి తగిన రక్షణ లేదనీ, ఇతరులెవరైనా దానిని వాడుకోగలిగిన స్థితిలో ఉందనీ తరువాత తేలింది.

చోడవరంలో ఒక సామాన్య ముస్లిం కుటుంబం గడప ముందు ఇటువంటి ప్రశ్నే వచ్చి నిలిస్తే, ‘అది మేము పంపలేదు’ అని నిరూపించుకోవడం ఎంత కష్టమో పాఠకులే ఊహించగలరు. కనెక్షన్ ఎవరి పేరున ఉన్నదో మొదట ప్రశ్నించేది వారినే.

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమై, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అందిస్తామన్నది మొదలు చిన్న ఊళ్ల ఇళ్లలోకి కూడా వైఫై పెట్టె వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు పెట్టిన పాస్‌వర్డే నేటికీ సాగుతున్న ఇళ్లు మేమెరిగినవి చాలా ఉన్నాయి. సాధారణంగా అది ఇంటి యజమాని ఫోను నంబరు. లేదా పెద్ద అబ్బాయి పేరు, చివర 786. మన మొహల్లాలో ఎవరైనా మొదట ప్రయత్నించేది ఆ రెండింటినే కదా! గోడకు గోడ ఆనుకున్న వీధుల్లో వైఫై సంకేతం మన గదిలోనే ఆగిపోదు.

పెట్టె వెనుక అంటించిన కాగితంపై ఒక చిరునామా ఉంటుంది. తరచుగా అది 192.168.1.1. ఫోనులోని బ్రౌజరులో దానిని తెరచి, వైర్‌లెస్ సెక్యూరిటీ అనే భాగానికి వెళ్లాలి. అక్కడ కనిపించే పేర్లలో డబ్ల్యూఈపీ అన్నది 2001 నాటికే ఛేదింపబడినది, దానిని ఎంచుకోరాదు. టీకేఐపీ కూడా పాతబడినదే. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2ను ఏఈఎస్‌తో కలిపి ఎంచుకుంటే గృహావసరాలకు చాలు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మీ పెట్టెలో ఉంటే మరింత మేలు.

ఈ రెండింటి మధ్య భేదం తెలుసుకోదగినది. డబ్ల్యూపీఏ2లో మన ఫోను పెట్టెతో కలిసే క్షణాన జరిగే పలకరింపును బయటివాడు పట్టి దాచుకోగలడు. ఆపై తీరిగ్గా తన కంప్యూటరుపై లక్షలాది పాస్‌వర్డ్‌లను దానితో సరిపోల్చి చూడగలడు. పది అంకెల ఫోను నంబరు శక్తిమంతమైన యంత్రానికి కొన్ని గంటల పని. డబ్ల్యూపీఏ3 ఆ అవకాశాన్ని ఇవ్వదు. కనుక డబ్ల్యూపీఏ2 వాడేవారికి పాస్‌వర్డ్ పొడవే రక్ష. ఎనిమిది అక్షరాలు కనీస నియమం మాత్రమే. 63 వరకు పెట్టుకోవచ్చు. బెల్లం, నిచ్చెన, కొడవలి, నెమలి – ఇలా పొంతనలేని నాలుగు తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాలలో కలిపి వ్రాస్తే ఇంట్లో పెద్దలకూ గుర్తుంటుంది. (ఈ నాలుగూ పత్రికలో అచ్చయ్యాయి గనుక వేరేవి చూసుకోండి.)

అదే పేజీలో డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యం ఉంటే ఆపివేయాలి. దాని ఎనిమిది అంకెల పిన్‌ను పెట్టె రెండు ముక్కలుగా సరిచూస్తుంది. అందువలన కోట్లకు బదులు సుమారు 11,000 ప్రయత్నాలలోనే అది దొరికిపోతుందని 2011లో బయటపడింది. వైఫై పేరును దాచిపెట్టడం వలన పెద్ద ప్రయోజనం లేదు. పెట్టెలోకి ప్రవేశించే అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం తప్పక మార్చాలి. మీకు అనుమతి లేకుంటే కేబుల్ ఆపరేటరును అడగండి.

మస్జిద్ కార్యాలయాలలో, మదరసాలలో, అతిథులు ఎక్కువగా వచ్చే ఇళ్లలో పాస్‌వర్డ్ గోడమీద వ్రాసి ఉంచడం పరిపాటి. అక్కడ గెస్ట్ నెట్‌వర్క్‌ను వేరుగా తెరచి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, నెలకొకసారి మార్చడం మంచిది.

మార్పు జరిగిన వెంటనే ఇంట్లోని ఫోన్లన్నీ తెగిపోతాయి; ఒక్కొక్క దానిలో కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి. పిల్లల ఆన్‌లైన్ తరగతి లేని సమయం చూసుకోండి. పాత ఫోను ఏదైనా డబ్ల్యూపీఏ3తో కలవకపోతే, డబ్ల్యూపీఏ2, 3 రెండూ కలిసిన ఎంపిక అక్కడే ఉంటుంది.